చూపు తగ్గుతోందని కంప్యూటర్ ఉద్యోగం మానేయక్కర్లేదు

మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా విషయం తెలుస్తుంది. మీ తమ్ముడికి 26 ఏళ్లు. బీకాం చదివి ఉప్పల్‌లో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా (క్లుప్తంగా ఆర్‌పీ) అని డాక్టర్లు తేల్చారు. చీకటి పడితే కనబడదు, పక్కనున్నవి కనబడవు, ఈమధ్య ఎక్సెల్‌లో మౌస్ బాణం ఎక్కడుందో వెతుక్కోవడానికే టైమ్ సరిపోతోంది. ఉద్యోగం మానేసి కిరాణా కొట్టు పెట్టుకోమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. మీరేమో లక్ష రూపాయలు పక్కన పెట్టి, ఏ సాఫ్ట్‌వేర్ కొంటే తమ్ముడు పని చేసుకోగలడని అడుగుతున్నారు.

ఉద్యోగం మానేయక్కర్లేదు. ఆ లక్షా ఇప్పుడే బయటికి తీయక్కర్లేదు. మీ తమ్ముడికి కావలసిన సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది, కొంత ఇప్పటికే అతని కంప్యూటర్‌లో ఉంది కూడా. ఖర్చయ్యేది నేర్చుకోవడానికి పట్టే కాలం. ఆ కాలం ఇప్పుడు, చూపు కొంత మిగిలి ఉండగానే పెట్టాలి. ఈ సమాధానంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ని. హైదరాబాద్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, సెలవు రోజుల్లో చూపు తగ్గినవాళ్లకు కంప్యూటర్ నేర్పిస్తుంటాను. నాలాంటివాళ్లకు స్క్రీన్‌ను చదివి వినిపించే ప్రోగ్రామ్, అంటే స్క్రీన్ రీడర్, మొదటి నుంచీ అలవాటే. మధ్యలో చూపు తగ్గినవాళ్ల కష్టం వేరు. వాళ్లకు కళ్లతో పని చేయడం తప్ప ఇంకో పద్ధతి తెలియదు, తెలిసిన పద్ధతిని అంత తేలిగ్గా వదలబుద్ధి కాదు. కనబడినంత కాలం స్క్రీన్‌కి ముక్కు ఆనించి పని చేస్తారు, సాయంత్రానికి తలనొప్పి, ఇంటికొచ్చాక చిరాకు. ఇక అసలు కుదరదన్నప్పుడు నేర్చుకోవడానికి వస్తారు. అప్పటికి ఉద్యోగమూ పోయి ఉంటుంది, ధైర్యమూ పోయి ఉంటుంది. మీరు ముందే అడిగారు, చాలా మంచి పని చేశారు.

మిగిలిన చూపును ఎలా వాడుకోవాలో ముందు చూద్దాం. చూపు తగ్గిందనగానే అందరూ అక్షరాలు పెద్దవి చేయమంటారు. విండోస్‌లో మాగ్నిఫైయర్ ఉంది, విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే వస్తుంది, విండోస్ కీ, ఎస్కేప్ నొక్కితే పోతుంది. కానీ ఆర్‌పీలో చూపు అంచుల నుంచి కుంచించుకుపోతుంది, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగులుతుంది. అలాంటప్పుడు అక్షరాన్ని నాలుగింతలు చేస్తే ఆ కాస్త చోట్లో రెండక్షరాలే పడతాయి, మిగతా మాట కోసం మళ్లీ వెతుక్కోవాలి. చాలామందికి మామూలు సైజే, లేదా కొంచెం పెద్దదే నయం. అతనికి అంతకన్నా ఎక్కువగా పనికొచ్చేది కాంట్రాస్ట్. నల్లటి వెనకభాగం మీద తెల్లటి లేదా పసుపు అక్షరాలు పెడితే స్క్రీన్ వెలుగు కళ్లలోకి కొట్టదు. విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే విభాగం ఉంది. అందులో కాంట్రాస్ట్ థీమ్‌లు ఉంటాయి. మౌస్ బాణాన్ని పెద్దదిగా, కొట్టొచ్చే రంగులో పెట్టుకోవచ్చు. టైప్ చేసే చోట మెరిసే గీతకు పైనా కిందా రంగు బొట్లు పెట్టుకునే వీలు కూడా అక్కడే ఉంది. ఈ మూడూ ఈరోజు రాత్రే మార్చి ఇవ్వండి, పది నిమిషాల పని. బాణం వెతుక్కునే బాధ రేపటికే కొంత తగ్గుతుంది.

అయితే ఇది తాత్కాలికమే. చూపు ఇంకా తగ్గితే ఇవేవీ చాలవు. అందుకే స్క్రీన్ రీడర్ కావాలి.

స్క్రీన్ రీడర్ అంటే స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్. అక్షరాలు చదవడంతో దాని పని అయిపోదు. మనం ఇప్పుడు ఏ విండోలో ఉన్నాం, కింద ఉన్నది బటనా, గడా, టిక్ పెట్టే పెట్టెనా, టిక్ ఉందా లేదా అన్నీ చెబుతుంది. విండోస్‌లో నరేటర్ అని ఒకటి ముందే ఉంటుంది, కంట్రోల్, విండోస్ కీ, ఎంటర్ కలిపి నొక్కితే మొదలవుతుంది. అత్యవసరానికి పర్వాలేదు. రోజువారీ ఆఫీసు పనికి నేను చెప్పేది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు 2006లో దీన్ని మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే అతనితో చేరాడు. ఇద్దరికీ చూపు లేదు. కంప్యూటర్ కొనుక్కున్న ఖరీదుకు సమానంగా మళ్లీ అది మాట్లాడటానికి డబ్బు పెట్టాల్సి రావడం అన్యాయమని వాళ్లు దీన్ని ఉచితంగా ఇచ్చారు. ఇప్పటికీ ఉచితమే, ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. ప్రపంచమంతా వాడుతున్నారు, నేనూ ఈ సమాధానం దాంతోనే వింటూ టైప్ చేస్తున్నాను.

డబ్బు పెట్టి కొనేది జాస్. దాన్ని తయారుచేసిన టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ రేసర్, 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. తర్వాత ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. 1989లో, విండోస్‌కు ముందు వాడిన డాస్ కోసం జాస్ మొదటి వెర్షన్ వచ్చింది. మంచి సాఫ్ట్‌వేరే. కొన్ని సంస్థలు సొంతంగా తయారు చేయించుకున్న పాత ప్రోగ్రాములు దాంతో బాగా పనిచేసేలా ప్రత్యేక స్క్రిప్టులు రాయించుకోవచ్చు. మీ తమ్ముడి ఆఫీసులో అలాంటి అవసరం పడితే అప్పుడు కొనండి, అదీ ఆఫీసు చేత కొనిపించండి. ముందే మీరు కొనొద్దు.

ఇప్పుడు నేర్చుకునే సంగతి. మొదటి మెట్టు స్క్రీన్ రీడర్ కాదు, కీబోర్డు. చూడకుండా టైప్ చేయడం రాకపోతే ముందు అది రావాలి. ఎఫ్, జే కీల మీద చిన్న గీత ఉబ్బుగా తగులుతుంది, రెండు చూపుడు వేళ్లూ అక్కడ పెట్టుకుంటే మిగతావన్నీ లెక్కే. బీకాం వాళ్లకు నంబర్ ప్యాడ్ మీద వేళ్లు ఎలాగూ ఆడుతుంటాయి, అక్కడ ఐదు మీద కూడా అలాంటి గుర్తే ఉంటుంది. రోజూ ఒక గంట చొప్పున కొన్ని వారాలు కూర్చుంటే వేళ్లకు దారి తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఎన్‌వీడీఏ పెట్టి, కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే మాట్లాడటం మొదలుపెడుతుంది. మొదట్లో ఆ గోల భరించలేక చాలామంది ఆపేస్తారు. మాట ఆగాలంటే కంట్రోల్ కీ ఒక్కటి నొక్కితే చాలు, ఇది అన్నిటికన్నా ముందు నేర్పండి. తను అడిగినప్పుడు మాట్లాడి, వద్దన్నప్పుడు ఆగుతుందని తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఇన్సర్ట్ కీ పట్టుకుని 1 అంకె నొక్కితే అభ్యాసం మోడ్ వస్తుంది, అందులో ఏ కీ నొక్కినా దాని పేరు, అది చేసే పని చెబుతుందే తప్ప ఏమీ చెడిపోదు. ఇన్సర్ట్, టీ నొక్కితే ఏ విండోలో ఉన్నామో చెబుతుంది. ఇన్సర్ట్, ట్యాబ్ నొక్కితే ఇప్పుడు దేని మీద ఉన్నామో చెబుతుంది. దారి తప్పామనిపించినప్పుడల్లా ఈ రెండూ. మాట వేగం మొదట బాగా తగ్గించి పెట్టుకోవాలి, చెవి అలవాటుపడే కొద్దీ తనే పెంచుకుంటాడు. నా పక్కన కూర్చున్నవాళ్లకు నా ల్యాప్‌టాప్ ఏం మాట్లాడుతోందో అర్థం కాదు, నాకు ఆ వేగమే హాయి.

ఇంట్లోవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. తమ్ముడు తడబడుతుంటే మీరు చేయి చాచి మౌస్ అందుకుంటారు, రెండు క్లిక్కుల్లో పని చేసిపెడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ అలా చేసిన ప్రతిసారీ అతను నేర్చుకోవలసింది ఒకటి వాయిదా పడుతుంది. ఇంట్లో ఆ గంటసేపు మౌస్ తీసి బీరువాలో పెట్టేయండి. స్క్రీన్ కాంతి కూడా పూర్తిగా తగ్గించుకుని అతన్ని చెవితోనే చేయనివ్వండి. కనబడుతున్నంతసేపు కళ్లు చెవిని పని చేయనివ్వవు. అతను అడిగితే జవాబు చెప్పండి, అడగకపోతే పక్క గదిలో కూర్చోండి.

ఎక్సెల్ దగ్గర కాస్త ఎక్కువ చెబుతాను, అతని అన్నం అదే కదా.

కంట్రోల్, హోమ్ నొక్కితే మొదటి గడికి వెళ్తాం. ‘బిల్ నంబర్, ఏ1’ అని వినబడుతుంది. బాణం కీలతో కదిలితే ప్రతి గడిలో ఉన్నదీ, ఆ గడి చిరునామా చెబుతుంది. పెద్ద షీట్‌లో దీంతో సరిపోదు, 140వ వరుసకు వెళ్లాక ‘2160, డీ140’ అంటే ఆ 2160 ఏమిటో ఎవరికి గుర్తుంటుంది? అందుకని శీర్షికల వరుసలో మొదటి గడి మీద నిలబడి ఇన్సర్ట్, షిఫ్ట్, సీ కలిపి నొక్కాలి. ఇవి కాలమ్ శీర్షికలని ఎన్‌వీడీఏ గుర్తుపెట్టుకుంటుంది. ఇక ఎంత కిందికి వెళ్లినా, కాలమ్ మారినప్పుడల్లా ‘జీఎస్టీ మొత్తం, 2160, డీ140’ అని శీర్షికతో కలిపి చెబుతుంది. చూపున్నవాళ్లు తల పైకెత్తి శీర్షిక చూసుకుని మళ్లీ కిందికి రావాలి, మనకు అది చెవిలోనే పడుతుంది.

ఖాళీ గడులు పట్టుకోవడం ఇంకో పని. కాలమ్ మొదట్లో నిలబడి కంట్రోల్, కింది బాణం నొక్కితే డేటా ఉన్నంతవరకు దూకి ఆగుతుంది. 300 బిల్లులు ఉన్న షీట్‌లో 87 దగ్గర ఆగిందంటే 88లో ఎవరో అంకె వేయడం మరిచిపోయారన్నమాట. కళ్లతో 300 వరుసలు జల్లెడ పట్టడం కన్నా ఇది వేగం, నమ్మకం కూడా. మొత్తం కూడాలంటే ఆల్ట్, ఈక్వల్. ఫిల్టర్ పెట్టాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎల్. ఆ శీర్షిక గడి మీద ఆల్ట్, కింది బాణం నొక్కితే ఫిల్టర్ జాబితా తెరుచుకుంటుంది. ఇవన్నీ ఎక్సెల్ సొంత షార్ట్‌కట్లే, చూపున్న మంచి అకౌంటెంట్లు కూడా వాడేవే. ఇవి వస్తే మౌస్ తిప్పే పక్క కుర్చీవాళ్ల కన్నా మీ తమ్ముడే ముందుంటాడు. ఇది అతన్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు, కీబోర్డు మీద చేయి తిరిగినవాళ్లు ముందుండటం నేను రోజూ చూస్తున్నాను.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే ఇతరులు తయారుచేసిన షీట్లలో. డబ్బు రాని బిల్లులకు ఎర్ర రంగు, వచ్చినవాటికి ఆకుపచ్చ వేసి వదిలేస్తారు. రంగు చెవికి వినబడదు. పక్కనే ఒక కాలమ్ పెట్టి ‘పెండింగ్’, ‘వచ్చింది’ అని రాయమనండి, రంగు కూడా ఉంచుకోమనండి. అలా రాస్తే ఫిల్టర్ వేయడం అందరికీ తేలికవుతుంది. అందం కోసం నాలుగు గడులు కలిపి ఒకటి చేసే అలవాటు కూడా మానిపించాలి, బాణం కీలతో వెళ్తుంటే అక్కడ దారి తప్పుతాం. ఇక మెడికల్ షాపులవాళ్లు వాట్సాప్‌లో పంపే బిల్లు ఫోటోలు. ఫోటోలోని అక్షరాలను స్క్రీన్ రీడర్ నేరుగా చదవలేదు. ఫోన్‌లో గూగుల్ లెన్స్‌తో అక్షరాలుగా మార్చుకోవచ్చు, కానీ మూడు ఎనిమిదిగా, ఒకటి ఏడుగా వచ్చే ప్రమాదం ఉంది. విడి అంకెలు కూడి కింది మొత్తంతో సరిపోయిందో లేదో చూసుకోకుండా ఎంట్రీ వేయొద్దని గట్టిగా చెప్పండి. వీలైతే బిల్లు ఎక్సెల్‌గానో, కంప్యూటర్‌లోంచి నేరుగా తీసిన పీడీఎఫ్‌గానో పంపమని అడగడం మేలు.

తెలుగు విషయానికి వస్తే ఎన్‌వీడీఏతో పాటే ఈస్పీక్ అనే గొంతు వస్తుంది, అందులో తెలుగు ఉంది. గొంతు మరమనిషి గొంతే, మొదట చెవికి కటువుగా ఉంటుంది, కానీ ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఎంత వేగం పెంచినా మాట విరగదు. తీరిగ్గా తెలుగు వ్యాసాలో, కథలో వినాలంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో పేజీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కమనండి, మనిషి గొంతుకు చాలా దగ్గరగా ఉండే తెలుగు గొంతులు ఉన్నాయి. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే మంచిది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి, చూడకుండా కొట్టడానికి అంతకన్నా పద్ధతైనది నాకు తెలియదు. కే అన్న చోట క, డీ అన్న చోట పొల్లు. అంత ఓపిక లేకపోతే ఫోన్‌లో జీబోర్డులో తెలుగులో మాట్లాడితే టైప్ అయిపోతుంది, వాట్సాప్‌కి అది చాలు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న పెద్ద గోడ మాత్రం పాత ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో, పత్రికల్లో, కొన్ని ఆఫీసుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో టైప్ చేస్తున్నారు. కంటికి అది తెలుగే. ఫైల్ లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ ఏవేవో గుర్తులూ, వాటికి తెలుగు ఆకారం తొడిగారు, అంతే. స్క్రీన్ రీడర్ చూసేది ఆకారాన్ని కాదు, లోపలి అక్షరాన్ని. అందుకే అలాంటి ఫైల్ తెరిస్తే ఒక్క తెలుగు మాట వినబడదు, అర్థంలేని శబ్దాలు వస్తాయి. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో దాని సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. దాని మొదటి ప్రమాణం 1991లోనే వచ్చింది, అందులో తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక కరపత్రం, ఒక సర్క్యులర్, ఒక పుస్తకం నాలాంటివాళ్లకు మూగగా ఉండిపోతోందంటే నాకు నిజంగా బాధేస్తుంది. చదివేవాళ్లలో డీటీపీ చేసేవాళ్లుంటే చేతులెత్తి అడుగుతున్నాను, అచ్చుకు ఏది వాడుకున్నా, నెట్‌లో పెట్టే కాపీ యూనికోడ్‌లో పెట్టండి.

మీ ఫైల్ యూనికోడా కాదా అని తెలుసుకోవడం తేలికే. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కనబడితే యూనికోడ్. పిచ్చి గీతలు కనబడితే పాత ఫాంట్. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, అక్కడక్కడా ఒత్తులు తప్పినా చదువుకోవడానికి పనికొస్తాయి. స్కాన్ చేసిన తెలుగు పీడీఎఫ్ అయితే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మార్చి ఇస్తుంది. శుభ్రంగా ఉన్న పేజీ అయితే బాగానే వస్తుంది.

వెబ్‌సైట్ల దగ్గరికి వద్దాం. ఎన్‌వీడీఏ నడుస్తుండగా వెబ్ పేజీలో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కే నొక్కితే లింకుకు, బీ నొక్కితే బటన్‌కు, ఈ నొక్కితే టైప్ చేసే గడికి దూకుతాం. ఇన్సర్ట్, ఎఫ్7 నొక్కితే లింకులు, శీర్షికలు అన్నీ జాబితాగా వస్తాయి. సైట్ కట్టినవాళ్లు సరిగ్గా కట్టి ఉంటే నిమిషంలో పని అవుతుంది. కట్టకపోతే ‘బటన్’, ‘బటన్’, ‘బటన్’ అనే వినబడుతుంది, ఏది సేవ్, ఏది డిలీట్ అన్నది తెలియదు. బొమ్మలో అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చాకు పక్కన వినిపించే ఏర్పాటు లేకపోతే అక్కడితో ఆగిపోతాం. ఇది మీ తమ్ముడి చేతగానితనం కాదని అతనికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ప్రతిదానికీ తనని తానే తిట్టుకుంటాడు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు కేవైసీలో, అంటే ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే తనిఖీలో, కెమెరా ముందు రెప్పలు ఆర్పలేక బ్యాంకు ఖాతా తెరవలేకపోవడం మీద వచ్చిన కేసు అది. సైట్ పనిచేయకపోతే ఫిర్యాదు రాయండి, ఏ పేజీ, ఏ బటన్, ఏ స్క్రీన్ రీడర్ అన్నది వివరంగా రాయండి. ‘మీ సైట్ బాగాలేదు’ అని రాస్తే ఎవరూ బాగుచేయరు, ‘చెల్లింపు పేజీలో మూడో బటన్‌కు పేరు లేదు’ అని రాస్తే చేసే అవకాశం ఉంది.

వైకల్య సర్టిఫికెట్ ఉందో లేదో మీరు రాయలేదు. చాలామంది ఆర్‌పీ వాళ్లు ‘బోర్డు మీద అక్షరాలు చదవగలుగుతున్నాను కదా, నాకు ఇవ్వరు’ అనుకుంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపు ఎంత దూరం ఆనుతుందో మాత్రమే చూడదు, ఎంత వెడల్పు కనబడుతుందో కూడా చూస్తుంది. చూపు పరిధి 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే లో విజన్, 10 డిగ్రీల కన్నా తక్కువైతే అంధత్వం కిందికి వస్తుంది. కాబట్టి చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి. వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ తప్పకుండా తీసుకోండి, వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే రిజర్వేషన్లకు, పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయానికి అర్హత వస్తుంది. ప్రభుత్వ సంస్థలో పనిచేసేవాళ్లకు ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని అదే చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. మీ తమ్ముడిది ప్రైవేటు సంస్థ, అక్కడ ఆ రక్షణ అంత గట్టిగా లేదు. సమాన అవకాశాల విధానం ప్రకటించాలని మాత్రం 21వ సెక్షన్ ప్రతి సంస్థకూ చెబుతుంది.

అందుకే యజమానితో మాట్లాడే పద్ధతి ముఖ్యం. ‘నాకు కనబడటం లేదు’ అని మొదలుపెట్టకుండా, ముందు ఇంట్లో ఎన్‌వీడీఏతో ఒక నెల లెక్కలు చేసి చూసుకుని, ‘ఈ పని నేను ఇలా చేస్తాను, నాకు ఇవి కావాలి’ అని వెళ్లమనండి. అడగాల్సినవి చాలా చిన్నవి: ఎన్‌వీడీఏ పెట్టుకోవడానికి అనుమతి, చెవి మూయని హెడ్‌ఫోన్, కాగితం బిల్లుల బదులు ఫైళ్లు. ప్రోగ్రామ్ పెట్టనివ్వకపోతే పెన్‌డ్రైవ్ మీద నడిచే కాపీ కూడా ఎన్‌వీడీఏలో తయారుచేసుకోవచ్చు, కానీ ఆఫీసుకు చెప్పే వాడాలి. లెక్కలు పక్కవాళ్ల కంటపడతాయన్న భయం ఉంటే స్క్రీన్ కర్టెన్ అని ఉంది, అది పెడితే స్క్రీన్ నల్లగా అయిపోతుంది, అతనికి వినబడుతూనే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలంటే, ముందు బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో విజన్ రిహాబిలిటేషన్ విభాగానికి. డాక్టర్ ‘ఇక చేసేదేం లేదు’ అన్న తర్వాత మిగిలిన చూపుతో ఎలా బతకాలో చెప్పేది ఆ విభాగమే. ఏ కళ్లద్దం, ఏ రంగు ఫిల్టర్, ఎంత వెలుగు అన్నది అక్కడ పరీక్షించి చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో చూపు లేనివాళ్ల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పథకాలు, పరికరాల సంగతి మలక్‌పేటలోని వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. వెళ్లే ముందు ఫోన్ చేసి, ఇప్పుడు ఏ శిక్షణ నడుస్తోందో కనుక్కుని వెళ్లండి. చేతికర్ర వాడకం కూడా నేర్పించమనండి. కుర్రవాళ్లు సిగ్గుపడి వద్దంటారు, కానీ రేచీకటితో రాత్రి ఎనిమిదింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు దాటడం ఆటకాదు. ఇంకో మాట: ఆర్‌పీని పూర్తిగా నయం చేస్తామని ప్రకటనలు ఇచ్చేవాళ్లకు ఆ లక్ష పెట్టకండి, మీ కంటి డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి.

మీరు చివర్లో మీ నాన్నగారి గురించి కూడా ఒక వాక్యం రాశారు, పక్షవాతం తర్వాత కుడి చేయి పనిచేయడం లేదని. ఒక చేత్తో రెండు మూడు కీలు కలిపి నొక్కలేకపోతే షిఫ్ట్ కీ ఐదుసార్లు నొక్కండి, స్టికీ కీస్ వస్తుంది, ఆ తర్వాత కీలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా సరిపోతుంది. మౌస్ బటన్లు ఎడమ చేతికి మార్చండి. చేయి వణికితే మౌస్‌కి బదులు ట్రాక్‌బాల్ మేలు, బంతి మాత్రమే కదులుతుంది. మాట స్పష్టంగా ఉంటే గూగుల్ డాక్స్‌లో తెలుగులో చెప్పి రాయించుకోవచ్చు. ఇంట్లో వినికిడి తగ్గినవాళ్లెవరైనా ఉంటే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ చూడండి, ఎదుటివాళ్లు తెలుగులో మాట్లాడింది ఫోన్ మీద అక్షరాలుగా వస్తుంది.

ఇక ఆ లక్ష సంగతి. ల్యాప్‌టాప్ పాతదైతే కొత్తది కొనండి, ఖరీదైనది అక్కర్లేదు, కానీ నంబర్ ప్యాడ్ ఉన్నది చూడండి. ఇన్సర్ట్ కీ విడిగా లేకపోతే క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోవచ్చు. ఒక మంచి హెడ్‌ఫోన్ కొనండి. మిగిలింది బ్యాంకులో ఉంచండి. శిక్షణ కోసం నాలుగు వారాలు సెలవు పెట్టాల్సి వస్తే జీతం కోతకు పనికొస్తుంది.

ఒక విషయం మీరు చెప్పలేదు, అతని ఆఫీసులో బిల్లింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ వాడుతున్నారు? కొన్ని ప్రోగ్రాములు స్క్రీన్ రీడర్‌కు బాగా సహకరిస్తాయి, కొన్ని అసలు సహకరించవు, అప్పుడు డేటాను ఎక్సెల్‌లోకి తీసి పనిచేసి మళ్లీ ఎక్కించే దారి చూడాలి. పేరు రాయండి, ఎన్‌వీడీఏతో ఎంతవరకు నడుస్తుందో చూసి చెబుతాను.